కెన్యాకు వెళ్లే విలేకరి

పాఠ్యభాగ ఉద్దేశం:
పత్రికారచనను వృత్తిగా ఎంచుకోదలచిన విద్యార్థులు డిగ్రీ, పి.జి. స్థాయిలో ఇతర దేశాల పత్రికా కార్యాలయాలలో ఇంటర్న్‌షిప్ పొందే అవకాశాలను అన్వేషిస్తున్నారు. అటువంటి ప్రయాణానికి ముందు ఏమి చదవాలో, ఏమి నేర్చుకోవాలో, ఏ అపోహలను విడిచిపెట్టాలో తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. దీని ప్రక్రియ వ్యాసం.

పాఠ్యభాగం:

కెన్యాలో ఇద్దరు ఎదురుపడినప్పుడు తరచుగా వినిపించే మాట 'హబారి'. 'వార్త' అని దాని అర్థం. 'హబారి యాకో?' అంటే 'నీ వార్త ఏమిటి?' అనే కుశలప్రశ్న. మన హైదరాబాదులో 'ఖబర్'గా వినిపించే అరబ్బీ పదమే అరబ్బు వర్తకుల ఓడలతోపాటు తూర్పు ఆఫ్రికా తీరానికి చేరి, స్వాహిలీ భాషలో హబారి అయింది. పత్రికా విలేకరిని ఆ భాషలో 'మ్వాందిషి వా హబారి' అంటారు. వార్తలు రాసేవాడు అని భావం. పలకరింపునకూ వృత్తికీ ఒకే మాట ఉన్న దేశానికి శిక్షణ కోసం వెళ్లే విద్యార్థి, ఆ ప్రశ్న వేయడమే కాక దానికి వచ్చే సమాధానాన్ని చివరిదాకా వినే ఓర్పును కూడా ముందుగానే అలవరచుకోవలసి ఉంటుంది. ఈ సన్నాహం విమానం ఎక్కడానికి కనీసం ఆరు నెలల ముందు, మన ఊళ్లోనే మొదలుకావాలి.

"ఆఫ్రికాకు వెళ్తున్నాను" అని మనవారు సులభంగా అంటారు. "ఆసియాకు వెళ్తున్నాను" అని మాత్రం ఎవరూ అనరు. జపానుకనో, సింగపూరుకనో స్పష్టంగా చెబుతారు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. వాటిలో ఒకటైన కెన్యా వైశాల్యం సుమారు 5,80,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలను రెంటినీ కలిపినా అందులో సగం కావు. 2019 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 4 కోట్ల 76 లక్షలు. కికుయు, లుయా, కలెంజిన్, లువో, కంబా మొదలుగా నలభైకి పైగా జాతులవారు, దాదాపు అన్ని భాషలతో అక్కడ జీవిస్తున్నారు. మన భూగోళ పాఠాలలో చాలాకాలం 'చీకటి ఖండం' అనే మాట కనిపించేది. తమకు తెలియని నేలకు ఐరోపావారు పెట్టిన పేరది. సముద్రం మీదుగా వేల ఏళ్లుగా ఆ తీరంతో రాకపోకలున్న దేశంలో పుట్టి కూడా, మనం ఆ పేరును అనువదించుకొని వాడుకున్నాము. కెన్యాను గురించి రాయబోయే విద్యార్థి మొదట తన సంచిలోనుంచి తీసి అవతల పెట్టవలసిన వస్తువు ఆ మాటే.

ఈ విషయాన్ని కెన్యా రచయిత ఒకరు మనకన్న చక్కగా చెప్పారు. బిన్యవాంగ వైనైనా 2005లో 'గ్రాంటా' అనే ఆంగ్ల సాహిత్య పత్రికలో, ఆఫ్రికాను గురించి ఎలా రాయాలో పరదేశ రచయితలకు ఉపదేశిస్తున్నట్లుగా ఒక వ్యాసం ప్రకటించారు. వ్యాజస్తుతి అలంకారం తెలిసిన మన విద్యార్థులకు దాని పద్ధతి వెంటనే బోధపడుతుంది. పైకి ఉపదేశం, లోపల ఉపాలంభం. అస్తమించే సూర్యుడు, ఆకలి, తుపాకులు, నోరు విప్పని పేదవారు, మనుషులకన్న ఎక్కువ ఆప్యాయతతో చిత్రితమైన అడవి జంతువులు - ఇవే సామగ్రిగా ఒక ఖండాన్ని వర్ణించే అలవాటును ఆయన అందులో ఎండగట్టారు. వైనైనా 2019లో మరణించారు. ఆ వ్యాసం కొద్ది పుటలదే. కెన్యాకు వెళ్లేవారు దానిని ఒకసారి కాదు, అక్కడ తాము రాసిన ప్రతి వార్తను సంపాదకునికి అందజేసే ముందు మరొకసారి చదవడం మంచిది.

అపోహలు చిన్న విషయాలలోనే మొదలవుతాయి. ఆఫ్రికా అంటే ఎండ అనుకొని పలుచని దుస్తులతో వెళ్లినవారు జూలై నెలలో నైరోబీలో వణుకుతారు. ఆ నగరం సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ మొదలు ఆగస్టు వరకు అక్కడ చలికాలం. నైరోబీ అనే పేరుకే మాసాయి భాషలో చల్లని నీరు అని అర్థం. అలాగే ఆఫ్రికా అంటే వెనుకబాటు అనుకునేవారికి మరొక సంగతి చెప్పాలి. చేతిలోని మామూలు సెల్‌ఫోనుతో డబ్బు పంపుకొనే 'ఎం-పెసా' పద్ధతి కెన్యాలో 2007లోనే ప్రారంభమైంది. మన యు.పి.ఐ. వచ్చింది 2016లో. కూరగాయల కొట్టులో ఫోనుతో డబ్బు చెల్లించడం మన గొప్ప అని నైరోబీలో చెప్పుకోబోతే, వినేవారు మర్యాదకొద్దీ చిరునవ్వు నవ్వుతారు.

ఇంతకన్న బరువైన ఉదాహరణ నైరోబీలోని కిబేరా మురికివాడ. అక్కడ పది లక్షలమంది నివసిస్తున్నారని, ఆఫ్రికాలోకెల్ల అదే పెద్ద మురికివాడ అని ప్రపంచ పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. ఒకరు రాసినదాన్ని చూసి మరొకరు రాశారు. 2009లో కెన్యా ప్రభుత్వం జనాభా లెక్కలు తీయగా తేలిన సంఖ్య సుమారు 1,70,000. ప్రభుత్వపు లెక్క తక్కువగా ఉందని వాదించినవారూ లేకపోలేదు. అయినా పది లక్షలకూ లక్షా డెబ్బై వేలకూ ఉన్న అంతరం పొరపాటున దొర్లేది కాదు. పేదరికం ఎంత పెద్దదిగా కనిపిస్తే వార్తకు అంత విలువ అన్న భావన దాని వెనుక ఉంది. నీటికోసం వరుసలో నిలబడిన స్త్రీ కష్టానికి విలువ రావడానికి ఆ వాడలో పది లక్షలమంది ఉండనక్కరలేదు. అంకె ఎక్కడిది, ఎవరు లెక్కించారు, ఏ సంవత్సరంలో లెక్కించారు అనే మూడు ప్రశ్నలను శిక్షణార్థి ఇక్కడినుంచే సాధన చేయాలి. మన జిల్లాలోని ఏదైనా ఒక వాడను గురించి దినపత్రికలలో వచ్చిన సంఖ్యలను జనగణన పుస్తకంతో పోల్చి చూడటం అందుకు తగిన అభ్యాసం.

ఆకలిని చిత్రించడమే తప్పని దీని అర్థం కాదు. నైరోబీలో 1943లో, ఉపఖండం నుంచి వలసవెళ్లిన కుటుంబంలో పుట్టిన మొహమ్మద్ అమీన్ ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు. 1984లో ఇథియోపియాలోని కోరెం వద్ద కరవు బాధితులను ఆయన తీసిన దృశ్యాలు బి.బి.సి.లో ప్రసారమై లోకాన్ని కదిలించాయి. కోట్లకొలది విరాళాలు పోగయ్యాయి; ఎన్నో ప్రాణాలు నిలిచాయి. 1991లో ఆడిస్ అబాబాలో ఆయుధాగారం పేలినప్పుడు అమీన్ ఒక చేతిని కోల్పోయాడు. అయినా కృత్రిమహస్తంతో కెమెరా పట్టాడు. 1996 నవంబరులో దుండగులు దారి మళ్లించిన విమానం కొమొరోస్ దీవుల వద్ద సముద్రంలో కూలినప్పుడు, అందులోని ప్రయాణికులలో ఆయన ఒకడు. ఆయన దృశ్యాలు ఆనాడు చేసిన మేలును ఎవరూ కాదనలేరు. కాని అవే దృశ్యాలు తరువాతి దశాబ్దాలలో ఒక దేశపు కరవును ఖండమంతటికీ ముఖచిత్రంగా నిలిపివేశాయి. ఇందులో దోషం తీసినవానిదా, తీసినదాన్ని మాత్రమే మళ్లీమళ్లీ చూపినవారిదా అన్న ప్రశ్నను విద్యార్థులు తరగతిలో చర్చించవచ్చు. నా ఉద్దేశంలో రెండవవారి బాధ్యతే ఎక్కువ.

అమీన్ వంశం ఉపఖండానిదన్న మాట మనలను మరొక విషయానికి తీసుకొనిపోతుంది. కెన్యాకు వెళ్లే భారతీయ విద్యార్థి అక్కడ కేవలం అపరిచితుడు కాడు. 1896 నుంచి 1901 వరకు బ్రిటిషువారు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలుమార్గం నిర్మించినప్పుడు, సుమారు 32,000 మంది కూలీలను భారతదేశం నుంచి తీసుకొనిపోయారు. వారిలో దాదాపు 2,500 మంది రోగాలతో, ప్రమాదాలతో, సింహాల వాతపడి మరణించారు. ఎక్కువమంది తిరిగివచ్చారు, కొన్ని వేలమంది అక్కడే ఉండిపోయారు. వారి వెనుక గుజరాతీ వర్తకులు వెళ్లారు. మచిలీపట్నంలో కృష్ణాపత్రిక వెలువడిన 1902లోనే మొంబాసాలో 'ఆఫ్రికన్ స్టాండర్డ్' అనే వారపత్రిక పుట్టింది. దానిని స్థాపించినవాడు కరాచీ నుంచి వెళ్లిన ఎ.ఎం. జీవన్‌జీ అనే వ్యాపారి. ఆయన దానిని కొద్ది సంవత్సరాలకే అమ్మివేశాడు. చేతులు మారి, పేరు మారి, అదే నేడు నైరోబీ నుంచి 'ది స్టాండర్డ్' పేరుతో వెలువడుతున్నది. 1933లో గిర్ధారీలాల్ విద్యార్థి 'కలోనియల్ టైమ్స్' స్థాపించి, వలస ప్రభుత్వాన్ని విమర్శించి, రాజద్రోహం నేరంపై చెరసాలకు వెళ్లాడు. గోవా మూలాలుగల పియో గామా పింటో పత్రికారచయితగా కెన్యా స్వాతంత్ర్యం కోసం పోరాడి, 1954 నుంచి 1959 వరకు నిర్బంధంలో గడిపాడు. 1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చింది. పార్లమెంటు సభ్యుడైన తరువాత 1965 ఫిబ్రవరి 24న నైరోబీలోని తన ఇంటి ముంగిట తుపాకీ గుండ్లకు బలి అయ్యాడు.

ఇది వినడానికి ఇంపుగా ఉండే భాగం. ఇంపుగా లేని భాగం కూడా ఉంది. వలసపాలనలో తెల్లవారు పైమెట్టున, ఆసియావారు నడిమెట్టున, ఆఫ్రికనులు అడుగుమెట్టున ఉండేవారు. నడిమెట్టు మీదివారిలో పింటోలు కొందరే. తూకంలో, జీతంలో, మాటతీరులో అడుగుమెట్టువారిని చిన్నచూపు చూసినవారు అనేకులు. కెన్యా పల్లెలలో భారతీయుడంటే నేటికీ చాలామందికి స్ఫురించేది 'దూకా' యజమాని, అంటే దుకాణదారుడు. 1967, 68 సంవత్సరాలలో ఉద్యోగ, వ్యాపార నిబంధనలు కఠినం కావడంతో వేలాది ఆసియావారు బ్రిటనుకు తరలిపోయారు. నిలిచిన కుటుంబాలకు 2017లో ప్రభుత్వం దేశంలోని 44వ జాతిగా గుర్తింపునిచ్చింది. మరొకవైపు, అదే 2017 మార్చిలో ఢిల్లీ సమీపంలోని గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులపై జరిగిన మూకదాడి వార్త ఆఫ్రికా అంతటా చేరింది. భారతీయ శిక్షణార్థి నైరోబీలో ఎవరినైనా ప్రశ్నించబోయినప్పుడు, వారు తిరిగి "మీ దేశంలో మావారిని ఎందుకు కొడతారు?" అని అడగవచ్చు. "అందరం అలాంటివాళ్లం కాదు" అన్న సమాధానం నిజమే కాని చాలదు. ఏమి జరిగిందో, న్యాయస్థానంలో ఏమైందో చదివి తెలుసుకొని వెళ్లినవాడే తలెత్తి మాట్లాడగలడు.

హైదరాబాదులో చదివేవారికి ఒక సూచన. మాసబ్‌ట్యాంకు దగ్గరి ఎ.సి. గార్డ్స్ పేరు వినని నగరవాసి ఉండడు. నిజాం ప్రభువుల సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వికదళం నివసించిన చోటు కనుక దానికి ఆ పేరు వచ్చింది. వారి సంతతివారైన సిద్దీలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. నగరంలోని విశ్వవిద్యాలయాలలో ఆఫ్రికా దేశాల విద్యార్థులూ చదువుతున్నారు. నైరోబీలో చేయబోయే మొదటి ఇంటర్వ్యూకు ముందు వీరితో మాట్లాడటం నేర్చుకోవాలి. అద్దెకు ఇల్లు దొరకడం ఎలా ఉందని అడిగితే చాలు, మన నగరాన్ని గురించి మనకు తెలియని సంగతులు బయటపడతాయి.

ఇక భాష. కెన్యాలో ఇంగ్లీషు, స్వాహిలీ రెండూ అధికారభాషలు. పత్రికా కార్యాలయంలో ఇంగ్లీషుతో పని గడుస్తుంది. వీథిలోనూ, సంతలోనూ, 'మటాటు' అనే చిన్న బస్సులోనూ గడవదు. నైరోబీ యువకులు ఇంగ్లీషునూ స్వాహిలీనీ ఇతర భాషలనూ కలగలిపి 'షెంగ్' అనే కొత్త భాషలో మాట్లాడుకుంటారు. అది పుస్తకాలకు అందేది కాదు. స్వాహిలీ మాత్రం తెలుగువారికి మరీ కొత్తగా తోచదు. అది అజంతభాష, పదాంతంలో అచ్చు పలుకుతుంది. పైగా అరబ్బీ, పారశీక, హిందీ భాషల నుంచి అక్కడికీ ఇక్కడికీ చేరిన మాటలు చాలా ఉన్నాయి. మన కలం వారికి 'కలాము', వకీలు 'వకిలి', బీమా 'బిమా', రంగు 'రంగి', బండికి మనవైపు వినిపించే గాడీ అక్కడ 'గారి', సర్కారు 'సెరికాలి'. చాయ్, చపాతి అవే పేర్లతో వారి ఇళ్లలో నిత్యాహారాలు. ఒక్క మాట దగ్గర మాత్రం తెలుగువాడు తడబడతాడు. 'మామా' అంటే స్వాహిలీలో అమ్మ! మధ్యవయసు స్త్రీని గౌరవంగా పిలిచే మాట కూడా అదే. మొదటి వారం ఆ పిలుపు నోట పలకడానికి మనవారికి నవ్వు వస్తుంది. రెండవ వారానికి అలవాటవుతుంది. వృద్ధులను 'మ్జే' అని సంబోధిస్తారు. పెద్దలకు నమస్కారంగా 'షికమూ' అంటే, వారు 'మరహబా' అని బదులు పలుకుతారు. కుశలప్రశ్నలు ముగియకుండానే కలం తీసి అసలు విషయానికి దిగడం అక్కడ మోటుతనం.

కాలగణనలో మరొక మెలకువ అవసరం. స్వాహిలీలో గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు. ఉదయం ఏడు వారికి 'సా మోజా', అంటే ఒకటో గంట. 'సా తాతు' అంటే మూడో గంట. మన గడియారంలో ఉదయం తొమ్మిది. ఇది తెలియని విలేకరి తొమ్మిదింటికి కలుస్తామన్నవారికోసం మూడింటికి వెళ్లి నిలబడతాడు. పొద్దు పొడిచినప్పటినుంచి జాములు, ఘడియలు లెక్కపెట్టిన మన పూర్వులకు ఈ పద్ధతి వింతగా ఉండేది కాదు. చేతిగడియారం కట్టుకొన్న మనకే అది వింత.

భాషను గురించి ఇంత చెప్పడానికి మర్యాదలు ఒక్కటే కారణం కాదు. కెన్యాలో మాట ప్రాణం తీసిన సందర్భం ఉంది. 2007 డిసెంబరు 27న అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఫలితాలపై వివాదం చెలరేగి, డిసెంబరు 30న ప్రభుత్వం ప్రత్యక్షప్రసారాలను నిషేధించింది. తరువాతి రెండు నెలల్లో 1,100 మందికి పైగా హతులయ్యారు; లక్షలాదిమంది ఇళ్లు విడిచి పారిపోయారు. పొరుగువారిని పొరుగువారే చంపారు. అక్కడ మనిషి పేరు వింటే జాతి తెలిసిపోతుంది. లువోలలో ఎండవేళ పుట్టిన బాలుడు ఒచియెంగ్, బాలిక అచియెంగ్. రాత్రి పుట్టినవారు ఒటియెనో, అటియెనో. వంజికు అనగానే కికుయు స్త్రీ అని అందరికీ తెలుసు. ఇంటిపేరు విని కులం ఊహించే అలవాటు ఉన్న మనకు దీని ప్రమాదం వేరుగా వివరించనక్కరలేదు.

ఆ హింసపై విచారణ జరిపిన సంఘం, ప్రాంతీయ భాషలలో ప్రసారాలు చేసే కొన్ని ఎఫ్.ఎం. రేడియోలు ద్వేషాన్ని ఎగదోశాయన్న ఫిర్యాదులను తన 2008 నివేదికలో ప్రస్తావించింది. శ్రోతలు ఫోను చేసి మాట్లాడే కార్యక్రమాలలో సామెతలు, పొడుపుమాటలు వినిపించేవి. బయటివానికి అవి కేవలం జానపద సాహిత్యం; లోపలివానికి అవి సంకేతాలు. స్వాహిలీలో 'మడోవడోవ' అంటే మచ్చలు. నిఘంటువులో ఇంతే ఉంటుంది. మన నేలమీది మచ్చలను తొలగించుకోవాలని ఒక నాయకుడు సభలో అంటే, అక్కడ స్థిరపడిన ఇతర జాతులవారిని తరిమివేయాలని అర్థం. జాతీయ సమైక్యతా సంఘం 2022లో ఈ పదాన్ని విద్వేషపదాల జాబితాలో చేర్చింది. ఒక రేడియో వ్యాఖ్యాతపై ద హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో 2013లో విచారణ కూడా మొదలైంది. సాక్ష్యాలు చాలని కారణంగా 2016 ఏప్రిల్‌లో ఆ కేసును ముగించారు. ఆయనపై నేరం రుజువు కాలేదు. కాని మైకు ముందు మాట్లాడినందుకు ఒక మనిషి ఆ బోనులో నిలబడవలసి వచ్చిందన్నది పత్రికా విద్యార్థులందరూ తెలుసుకోవలసిన విషయం. వాచ్యార్థం, లక్ష్యార్థం, వ్యంగ్యార్థం అని మన ఆలంకారికులు చేసిన విభజన పరీక్ష కోసం మాత్రమే చదివేది కాదు. సభలో విన్న మాటను ఇంగ్లీషులోకి మార్చి పంపే శిక్షణార్థి, స్థానిక సహోద్యోగిని అడగకుండా ఒక్క సామెతను కూడా అనువదించరాదు.

అదే సమయంలో పత్రికలు చేసిన మంచిని కూడా చెప్పాలి. 2008 జనవరి 3న కెన్యాలోని ప్రధాన దినపత్రికలు పోటీని పక్కనపెట్టి, దేశాన్ని కాపాడుకొందామన్న ఒకే శీర్షికతో వెలువడ్డాయి. ఆ భయం చాలాకాలం వారిని వదలలేదు. 2013 ఎన్నికల్లో పత్రికలు శాంతిని కోరుతూ, అడగవలసిన ప్రశ్నలను కూడా అడగలేదన్న విమర్శ వచ్చింది. 2017 ఆగస్టు ఎన్నికలు సజావుగా సాగాయని అనేకులు పొగిడిన తరువాత, సెప్టెంబరు 1న కెన్యా సుప్రీంకోర్టు అధ్యక్ష ఎన్నికను రద్దుచేసింది. నిప్పు రాజేయకూడదన్న జాగ్రత్త ఎక్కడ ముగిసి, నిజాన్ని దాచడం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం కష్టం. 2024 జూన్ 25న పన్నుల బిల్లుకు వ్యతిరేకంగా యువకులు పార్లమెంటు ప్రాంగణంలోకి చొచ్చుకొని వెళ్లినప్పుడు పోలీసు కాల్పులలో అనేకులు మరణించారు. బిల్లు వెనక్కు పోయింది. సరిగ్గా ఏడాది తరువాత, 2025 జూన్ 25న, నిరసనలను ప్రత్యక్షంగా చూపవద్దని ప్రసార నియంత్రణ సంస్థ టీవీ ఛానళ్లను ఆదేశించింది. న్యాయస్థానం ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఇటువంటి రోజున శిక్షణార్థి ఒంటరిగా కెమెరాతో వీథికి పోవడం సాహసం కాదు, అవివేకం. సీనియరు విలేకరి వెంట వెళ్లాలి. సంపాదకుడు వద్దంటే ఆగాలి. పోలీసులను, సైనిక స్థావరాలను, విమానాశ్రయాన్ని అనుమతి లేకుండా ఫొటో తీయరాదు.

కెన్యా 2010 రాజ్యాంగంలోని 33, 34, 35 అధికరణాలు భావప్రకటనకు, పత్రికలకు, సమాచారం పొందడానికి హామీ ఇస్తున్నాయి. మన సమాచార హక్కు చట్టం 2005లో వస్తే, వారిది 2016లో వచ్చింది. మన అధికారికి 30 రోజుల గడువు ఉండగా, వారి అధికారికి 21 రోజులే. అయితే ఆ హక్కు పౌరులది. విదేశీ శిక్షణార్థి తన పేరుతో దరఖాస్తు పెట్టలేడు. కెన్యా సహోద్యోగి పెట్టాలి. అక్కడి పని ఏదైనా ఒంటరిగా సాగదనడానికి ఇది మరొక నిదర్శనం.

ప్రయాణపు లాంఛనాలను క్లుప్తంగా చెప్పుకొందాం. 2024 జనవరి నుంచి కెన్యా వీసాలను రద్దుచేసి, సందర్శకులకు ఆన్‌లైను ముందస్తు ప్రయాణానుమతి ఇస్తున్నది. సందర్శకుల అనుమతితో పత్రికాఫీసులో పని చేయరాదు. ఇంటర్న్‌షిప్‌కు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ వేరే పాసు ఇస్తుంది. విదేశీ విలేకరులకు మీడియా కౌన్సిల్ ఆఫ్ కెన్యా గుర్తింపు కూడా కావాలి. ఆహ్వానించే పత్రికతో ఈ రెండు విషయాలూ ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. వేలకొలది రూపాయలు రుసుము తీసుకొని ఇంటర్న్‌షిప్ ఏర్పాటు చేస్తామనే మధ్యవర్తులున్నారు. వారికి చెల్లించేకన్న, సంపాదకునికి నేరుగా మన రచనల నమూనాలతో లేఖ రాయడం ఉత్తమం. జవాబు రాకపోతే మరొక పత్రికకు రాయాలి. యెల్లో ఫీవర్ టీకాను ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ పసుపుపచ్చ ధ్రువపత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగి వచ్చినవారిని మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజులదాకా విడిగా ఉంచుతారు. నైరోబీలో మలేరియా భయం తక్కువ. మొంబాసా తీరానికో, కిసుము వైపు సరస్సు ప్రాంతానికో వెళ్లవలసివస్తే వైద్యుని అడిగి మాత్రలు తీసుకోవాలి.

తల్లులకు ఒక మాట. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం; చట్టంలో నాలుగేళ్లదాకా జైలుశిక్ష ఉంది. ఆవకాయ, కందిపొడి ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టెలో సర్దే అలవాటు మానుకొని, స్టీలు డబ్బాలలో గట్టిగా మూతపెట్టి పంపండి. అక్కడి 'ఉగాలి' అనే మొక్కజొన్న సంకటిలో ఆవకాయ కలుపుకొని తినవచ్చు. రాయలసీమ, తెలంగాణ విద్యార్థులకు సంకటి కొత్త కూడా కాదు.

చివరిగా నోటుపుస్తకం సంగతి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాషీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. దారిలో రాసుకొన్న విషయాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినాయి. మజిలీకీ మజిలీకీ మధ్య దూరమెంత, నీటి వసతి ఉందా, అంగళ్లలో ఏమి దొరుకుతుంది, ఆ ఊరి ఆచారమేమిటి అన్నది ఆయన ఏ రోజుకారోజు రాసుకొన్నాడు. వర్ణనకన్న వివరం మీద ఆయనకు మక్కువ ఎక్కువ. అందువల్లనే ఆ గ్రంథం రెండు శతాబ్దాలు కావస్తున్నా పనికివస్తున్నది. కెన్యాలో శిక్షణార్థి పుస్తకం కూడా ఆ విధంగా ఉండాలి. తేదీ, స్థలం, సంతలో మొక్కజొన్నపిండి ధర, మటాటు టిక్కెట్టు ధర నాటివి నాడే రాసుకోవాలి. మాట్లాడినవారి పేరును మన చెవికి తోచినట్లు కాక, పుస్తకం వారి చేతికిచ్చి వారిచేతనే రాయించుకోవాలి. పేరుగాని జాతిగాని ప్రచురిస్తే ఆపద కలుగుతుందేమో వారినే అడిగి, ఆ సమాధానాన్ని పక్కనే గుర్తుపెట్టుకోవాలి. పసిపిల్లల ఫొటో తీయడానికి తల్లి అనుమతి తీసుకోవాలి. వార్త అచ్చయిన తరువాత ఒక ప్రతిని తీసుకొని, వివరాలు చెప్పినవారి ఇంటికి తిరిగి వెళ్లాలి. చదువురానివారైతే, అక్కడి సహోద్యోగి చేత వారి భాషలో చదివించి వినిపించాలి.

కఠిన పదాలు - అర్థాలు:
సన్నాహం = ప్రయత్నం, ముందస్తు ఏర్పాటు
ఉపాలంభం = నింద, ఎత్తిపొడుపు
అజంతభాష = పదాల చివర అచ్చు ఉండే భాష
దుబాషీ = ఒకరి మాటను మరొక భాషలో చెప్పే ఉద్యోగి
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు

ప్రశ్నలు:
1. కిబేరా జనసంఖ్య విషయంలో ప్రపంచ పత్రికలు చేసిన పొరపాటును వివరించి, అటువంటిది మీ ప్రాంతపు వార్తలలో కనిపిస్తే చర్చించండి.
2. 'మడోవడోవ' అనే పదం ఆధారంగా వాచ్యార్థ, వ్యంగ్యార్థాల భేదాన్ని తెలపండి.
3. కెన్యాలో భారతీయ సంతతి పత్రికారచయితల కృషిని, అక్కడి భారతీయులపై ఉన్న విమర్శను సంగ్రహంగా రాయండి.
4. సందర్భసహిత వ్యాఖ్య: "మీ దేశంలో మావారిని ఎందుకు కొడతారు?"